కింద పెట్టిన కప్పు

మూడేళ్లకోసారి ప్రభుత్వం మా ఇంటికి వస్తుంది. మా నాయెఫ్‌కి డౌన్ సిండ్రోమ్ నయమైపోయిందేమో చూసి పోతుంది. వాడు పుట్టిన రోజునే డాక్టరు చెప్పాడు, ఇది రోగం కాదు, వీడి పుట్టుకే ఇది, పోయేదాకా ఇంతే అని. మాకు ఒక్కసారికే అర్థమైంది. ఆఫీసుకి ఇంకా అర్థం కాలేదు. ఈ మధ్యలో దేవుడు మనసు మార్చుకుని ఉంటే ఆ కబురు తమకు అందకుండా పోతుందని భయం కాబోలు.

నాయెఫ్ నా తమ్ముడి కొడుకు. తమ్ముడు అకబా రోడ్డు మీద లారీ తోలుతూ చనిపోయాడు. ఇంట్లో మిగిలింది నలుగురం. చూపు పోయిన మా నాన్న హాజీ మిస్లిహ్, నా మరదలు ఇంతిసార్, నాయెఫ్, నేను. నా పేరు ఫిద్దా. పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి వచ్చేశాను. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకి అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఇంతిసార్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోతుంది. నేను నాన్నని, పొయ్యిని, నా మోకాళ్ల నొప్పుల్ని చూసుకుంటాను.

నాయెఫ్‌కి పాతికేళ్లు దగ్గర పడుతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేడు. రోడ్డు దాటేటప్పుడు కార్లకి సలాం చెబుతాడు. కడుపునొప్పి వస్తే చెప్పడం రాదు, వెళ్లి మంచం కింద దూరతాడు. ఇలాంటివాడికి పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉందంటే అది కరక్‌లో ఉన్న సెంటరు. అక్కడ మాటలు నేర్పే టీచరమ్మ ఉంది. సబ్బులకి కాగితం చుట్టే పని ఉంది. బర్జస్ అనే స్నేహితుడున్నాడు. బర్జస్ చక్రాల కుర్చీని నాయెఫ్ తప్ప ఇంకెవరైనా తోస్తే పెద్ద గొడవ. పొద్దున పసుపు బస్సు వీధి చివర హారన్ కొట్టేసరికి మావాడు సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర మంత్రిగారిలా నిలబడి ఉంటాడు. ఆ సీటు ప్రభుత్వం ఇచ్చింది. ఇచ్చిన చేతికే తీసుకునే హక్కూ ఉందట.

సెంటరు నేర్పనిది ఒకటి మా నాన్న నేర్పాడు. అది అతిథులకి కాఫీ పోయడం. మా వైపు ఇంటికొచ్చినవాడికి చక్కెర లేని చేదు కాఫీ ఇవ్వకపోతే ఆ ఇంటికి పరువు లేనట్టే. నాన్న చూపు పోయాక గడప దగ్గర చెప్పుల చప్పుడు వింటే ఆయన చేతులు తహతహలాడేవి. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. ఎడమచేత్తో కూజా, కుడిచేత్తో కప్పు. ముందు తను ఒక గుక్క తాగాలి. కుడివైపు నుంచి పోసుకుంటూ రావాలి. కప్పు అడుగు తడిసేంతే పోయాలి, నిండుగా పోస్తే పొమ్మన్నట్టు. అతిథి కప్పు ఊపేదాకా ముందు నిలబడే ఉండాలి. ఊపితే చాలని.

"ఖాళీ కప్పు అతిథి చేతిలో ఉంచితే ఏంటి?" అని అడిగేవాడు నాన్న.

"తప్పు" అనేవాడు నాయెఫ్.

నీళ్లతో మొదలుపెట్టారు. ఎన్ని కప్పులు పగిలాయో, ఎన్ని చాపలు తడిశాయో నాకు తెలుసు, తుడిచింది నేనే కదా. ఏళ్లు పట్టింది. ఒక ఈద్ రోజున మా నాన్న పెత్తండ్రి కొడుకులంతా వరసగా కూర్చుని ఉండగా వాడు చుక్క ఒలకకుండా అందరికీ పోశాడు. పోసేటప్పుడు ఊపిరి బిగబట్టాడు, కప్పు అవతలి చేతిలోకి వెళ్లాకే వదిలాడు. మా నాన్న చూడలేడు కదా, విన్నాడు. విని, గుడ్డి కళ్లతోనే ఏడ్చాడు. ఆ రోజునుంచి ఇంట్లో కూజా నాయెఫ్‌ది.

ఈ మూడేళ్ల తనిఖీకి ఆఫీసు కమిటీ వస్తుందని కబురు రాగానే పక్కింటి ఖవ్లా పరిగెత్తుకొచ్చింది. దాని కూతురు హనీన్ కూడా అదే బస్సులో వెళుతుంది.

"ఇంతిసార్, నా మాట విను. దువ్వెన దాచెయ్. రెండ్రోజులు వాడికి స్నానం చేయించకు. మా హనీన్‌ని చూసి ఆ కమిటీ డాక్టరమ్మ ముక్కు మూసుకుంది. అయిదు నిమిషాల్లో సంతకం పెట్టి పోయారు."

"ఇంటికొచ్చినవాళ్ల ముందు నా కొడుకుని పెంటకుప్పలా కూర్చోబెట్టనా?" అంది ఇంతిసార్. "వీడికి అమ్మ లేదనుకుంటారు."

"అనుకోనీవే! అనుకుంటే బస్సొస్తుంది."

"వస్తే రానీ, పోతే పోనీ. నేను మాత్రం ఆ పని చెయ్యను."

ఖవ్లా నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పు ఫిద్దా. దీని పరువు బస్సుకి డీజిల్ పొయ్యదు."

నాకూ వాడు తెల్లని అంగీలో, నూనె రాసిన జుట్టుతో కూర్చుంటే చూడాలనే ఉంది. అతిథి వస్తే ఉన్నదాంట్లో మంచిది బయటికి తీస్తాం. మా ఇంట్లో ఉన్న మంచిది నాయెఫే.

వచ్చినవాళ్లు ముగ్గురు. ప్రాంతీయ ఆఫీసు డైరెక్టరు దైఫల్లా, దూరపు వరసలో మావాడే. ఆ పేరుకి దేవుడి అతిథి అని అర్థం. ఏ దేవుడు పిలిచాడో ఏమో మరి. అమ్మాన్ నుంచి వచ్చిన డాక్టర్ లుబ్నా. ఆవిడ చెప్పింది రాసుకునే ఒక కుర్రాడు.

డాక్టరమ్మ మంచిదే, నవ్వు మొహం. "నీ వయసెంత నాయెఫ్?" అని అడిగింది.

"గురువారం" అన్నాడు వాడు. గురువారం సెంటర్లో కోడి పులావు పెడతారు.

"మీ ఊరి పేరేంటి?"

"గురువారం."

"ఇది ఏ రంగు?"

వాడు ఆలోచించి, ఆవిడ మీద జాలిపడి, "గురువారం" అన్నాడు.

కుర్రాడు నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. అక్కడితో లేచిపోయి ఉంటే మా బతుకు బాగుండేది. కానీ మూల దిండుకి ఆనుకున్న మా నాన్న గొంతు సవరించుకున్నాడు. "నాయెఫ్, అతిథులు ఎండిన గొంతులతో కూర్చున్నారు బాబూ" అన్నాడు.

వాడు లేచాడు. మనిషే మారిపోయాడు. కూజా ఎడమచేతిలోకి, కప్పు కుడిచేతిలోకి వచ్చాయి. మొదటి గుక్క తను తాగి, చేదుకి మొహం వికారంగా పెట్టాడు, అది మాత్రం ఎప్పటికీ మానలేదు. కుడివైపు నుంచి పోసుకుంటూ వచ్చాడు. డాక్టరమ్మ తాగి, కప్పు ఊపకుండా చేతిలో పట్టుకుని దైఫల్లాతో మాటల్లో పడింది. వాడు మళ్లీ పోశాడు. ఆవిడ మాటల్లోనే తాగింది. మళ్లీ పోశాడు. అలా పోస్తూనే ఉన్నాడు. చివరికి జాలి కలిగిందేమో, ఆవిడ మణికట్టు మెల్లగా పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు. "చాలు. ఇలా" అన్నాడు.

గదంతా నవ్వింది. డాక్టరమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. "మాషా అల్లాహ్! నాకే పాఠం చెప్పాడే" అంది. ఇంతిసార్ మొహం చూడాలి ఆ వేళ. భర్త పోయాక ఆ మొహంలో ఆ వెలుగు నేను చూడలేదు.

తర్వాతి వారం ఫోనొచ్చింది. ఆఫీసమ్మాయి గొంతు తేనెలా ఉంది. "అభినందనలండీ. మీ అబ్బాయిలో చాలా అభివృద్ధి ఉందని కమిటీ అభిప్రాయపడింది. అతిథి మర్యాదలు ఇతరులకు నేర్పగల స్థాయిలో ఉన్నాడట. కాబట్టి సెంటర్లో సీటు, మాటల పాఠాలు, బస్సు ఇక అక్కర్లేదని తీర్మానించారు. ఇంకా అవసరమున్నవాళ్లు చాలామంది ఎదురుచూస్తున్నారు కదండీ."

"చొక్కా గుండీ పెట్టుకోలేడు తల్లీ" అన్నాను.

"గుండీల సంగతి ఇక్కడ లేదండీ. కాఫీ సంగతే ఉంది."

ఆ మాట వాడికి ఎవరు చెప్పగలరు? మర్నాడు పొద్దున్నే సంచి వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. బస్సు ఖవ్లా ఇంటి ముందు ఆగి హనీన్‌ని ఎక్కించుకుంది. మా గేటు ముందు ఆగలేదు. డ్రైవరు తల తిప్పుకున్నాడు, వాడిదీ కడుపే కదా. నాయెఫ్ చెయ్యెత్తాడు. తనని చూడలేదనుకున్నాడేమో, బస్సు వెనక పరిగెత్తాడు. ఆ తర్వాత రోజూ అంతే. ఒక పొద్దున పెద్ద రోడ్డు దాకా పరిగెత్తాడు. సిమెంటు లారీవాడు బ్రేకు తొక్కి, దిగి, వాణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి, మమ్మల్ని నానా తిట్లూ తిట్టి పోయాడు. ఆ రోజునుంచి గేటుకి తాళం వేశాం. వాడు ఆ తాళం పట్టుకుని నిలబడేవాడు. మాట్లాడటం తగ్గించేశాడు. గురువారం అనడం కూడా మానేశాడు.

ఇంతిసార్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. "వదినా, ఖవ్లా మాట వినాల్సింది" అనేది. రోజూ అదే మాట.

నాన్న ఒకరోజు తలపాగా కట్టించుకున్నాడు. "దైఫల్లా ఇంటికి తీసుకెళ్లు" అన్నాడు.

"నాన్నా, అలా ఒకరింటికి అడగడానికి వెళ్లాలంటే వెంట నలుగురు మగాళ్లు ఉండాలిగా."

"మగాళ్లంతా చచ్చారు. నువ్వు రా."

దైఫల్లా ఇల్లు పెద్దది. కొడుకు కాఫీ తెచ్చాడు. నాన్న కప్పు అందుకున్నాడు, పెదవి దగ్గరికి తీసుకెళ్లలేదు. తన ముందు చాప మీద పెట్టేశాడు. మా తాత ఒకసారి హత్య కేసులో రాజీ కోసం అలా కప్పు కింద పెట్టాడని విన్నాను. అడగవచ్చినవాడు కప్పు కింద పెట్టాడంటే, ఇంటాయన ఏం కావాలో అడగాలి. కాఫీ చల్లారిపోయి, వచ్చినవాడు తాగకుండా లేచిపోతే, ఆ ఇంటికి అంతకంటే తలవంపు లేదు.

దైఫల్లా ముఖం పాలిపోయింది. "పెదనాన్నా, ఏం కావాలో చెప్పండి" అన్నాడు.

"నా మనవడి బస్సు."

దైఫల్లా కొడుకు ముందు, పక్కన కూర్చున్న ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల ముందు, చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "కాఫీ తాగండి పెదనాన్నా. మీ పని అయినట్టే" అన్నాడు.

నాన్న తాగాడు. కప్పు ఊపాడు. అద్దె కారెక్కేటప్పుడు కుర్రాడిలా నడిచాడు.

గేటు దగ్గర దైఫల్లా నన్ను వెనక్కి పిలిచాడు. "అక్కా, సంతకం ఒకసారి పడ్డాక చెరపడం నా చేతిలో లేదు. మళ్లీ కమిటీని పంపిస్తాను, అంతవరకే నా వల్ల అవుతుంది." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఈసారి మాత్రం వాణ్ణి కాఫీ పొయ్యనివ్వకండి. ఇంకా... కొంచెం చూసుకోండి. మీకు తెలియంది కాదు."

"మా నాన్నకి మాటిచ్చావుగా?"

"ఇచ్చాను కాబట్టే చెబుతున్నా."

నాన్నకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు, దైఫల్లా పుట్టుక మంచిది, మాట నిలబెట్టుకునే వంశం అని.

కూజా దాచేశాం, మాటు వేయించడానికి ఇచ్చామని నాన్నకి చెప్పాం. నాయెఫ్ టీ కెటిల్‌తో వచ్చాడు. కెటిల్ దాచేశాం. నీళ్ల చెంబుతో వచ్చాడు. గడప దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, వాడి చేతులు వాడి మాట వినవు. చివరికి ఖవ్లాని అతిథిలా రమ్మన్నాం. నాన్న మసీదుకి వెళ్లే వేళ చూసుకుని అది రోజూ వచ్చి గుమ్మంలో సలాం చెప్పి కూర్చునేది. వాడు లేవబోయేవాడు. ఇంతిసార్ వాడి భుజం పట్టి కూర్చోబెట్టి "తప్పు" అనేది. వాడు నమ్మేవాడు కాదు. మళ్లీ లేచేవాడు. ఒకరోజు వాడి చేతి మీద చరిచింది. ఆ చెయ్యి పుట్టినప్పటినుంచీ ఎవరూ కొట్టని చెయ్యి. "తప్పు! తప్పు! తప్పు!" అంటూ చరిచింది. తను ఏడుస్తూనే చరిచింది. ఖవ్లా లేచి మొహం గోడకి తిప్పుకుంది.

నేర్చుకోవడానికి ఏళ్లు పట్టినవాడు మానెయ్యడానికి ఒక చలికాలం కూడా తీసుకోలేదు. చెప్పుల చప్పుడు వినిపిస్తే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

కమిటీ వచ్చే రోజు నాన్నని మాదబాలో ఉన్న ఆయన చెల్లెలింటికి, కొన్నాళ్లు ఉండి రమ్మని పంపించాను. "మాటిచ్చాక మళ్లీ కమిటీ ఎందుకు?" అని అడిగాడు. "ఊరికే, సంతకాలకి" అన్నాను. దువ్వెన దాచాం. స్నానం చేయించలేదు. మోకాళ్ల దగ్గర చిరిగిన పైజామా వేశాం. ఇంతిసార్ వాడి వైపు చూడలేక వంటింట్లోకీ గదిలోకీ తిరుగుతూనే ఉంది. కాఫీ నేను పోశాను.

అదే డాక్టరమ్మ. అదే నవ్వు మొహం. కప్పు వాడి వైపు చాచింది. "ఏం నాయెఫ్, నాకు పాఠం చెప్పావే? ఇవాళ పొయ్యవా?"

వాడు ఆ ఖాళీ కప్పుని చూశాడు. చేతులు తొడల కింద ఇంకా లోపలికి తోసుకున్నాడు. ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టాడు. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు.

డాక్టరమ్మ కప్పు దించేసింది. "అయ్యో, ఎంత దిగజారిపోయాడు! ఇంత అవసరమున్న మనిషికి సీటెవరు తీసేశారండీ?" అని దైఫల్లాని కసిరింది.

దైఫల్లా ఇంటికప్పు వైపు చూశాడు. రాసుకునే కుర్రాడు తన కలం వైపు చూశాడు. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటని నేను కాఫీతో పాటు మింగేశాను. బస్సు కావాలి కదా.

సీటొచ్చింది. మాటల పాఠాలూ వచ్చాయి, వారానికి ఒకటి అదనంగా కూడా ఇచ్చారు, దిగజారాడు కదా మరి. పసుపు బస్సు మా గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగొచ్చి వాణ్ణి కౌగిలించుకున్నాడు. బర్జస్ ఆ రోజు ఎవర్నీ తన కుర్చీ ముట్టుకోనివ్వలేదట, నాయెఫ్ వచ్చేదాకా. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంతిసార్ కూజా తీసి చింతపండుతో తోమి మెరిసేలా పెట్టింది.

నాన్న మాదబా నుంచి బస్సొచ్చిన ఆ సాయంత్రమే వచ్చాడు. బస్సు వచ్చిందని, కూజా కూడా వచ్చిందని చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పానా! దైఫల్లా మాట తప్పడు." దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, చెయ్యి చాచాడు. "నాయెఫ్, ఏడి మనవడు? ప్రయాణం చేసొచ్చాను. ఇవాళ నేనే అతిథిని. పొయ్యి బాబూ."

నాయెఫ్ ఆయన ఎదురుగానే ఉన్నాడు. చేతులు తొడల కింద పెట్టేసుకున్నాడు.

ఇంతిసార్ పరుగున వచ్చి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పొయ్యొచ్చు నాన్నా. ఇప్పుడు పొయ్యొచ్చు. తాతకి పొయ్యి."

"తప్పు" అన్నాడు వాడు.

"తప్పు కాదు కన్నా. అమ్మ అబద్ధం చెప్పింది. ఇదిగో కూజా, పట్టుకో." వాడి చెయ్యి బయటికి లాగి కూజా పట్టించబోయింది. చెయ్యి పట్టుకోగానే వాడు కళ్లు గట్టిగా మూసుకుని, దెబ్బ కోసం ఎదురుచూశాడు.

ఇంతిసార్ వాడి చెయ్యి వదిలేసింది.

నాన్న చెయ్యి చాచే ఉంది. "ఏంటి ఆలస్యం?" అన్నాడు. నేను చెప్పులు విడిచి, మోకాళ్ల నొప్పి బిగబట్టి, కూజా ఎడమచేతిలోకి తీసుకున్నాను. వాడిలాగే కుడివైపు నిలబడి, వాడిలాగే కప్పు అడుగు తడిసేంతే పోసి, మాట్లాడకుండా ఆయన వేళ్ల మధ్య పెట్టాను.

నాన్న కప్పుని పెదవి దాకా తీసుకెళ్లి ఆగాడు. "ఇది నాయెఫ్ చెయ్యి కాదు" అన్నాడు. "వాడు పోసేటప్పుడు ఊపిరి బిగబడతాడు. నువ్వు ఆయాసపడుతున్నావు ఫిద్దా."

ఇంతిసార్ నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయనకి చూపు లేదు గానీ చెవులున్నాయి. ఏం విన్నాడో, ఎంత విన్నాడో, ఆయన మొహంలోని వెలుగు మెల్లగా దిగిపోయింది. కప్పు తాగలేదు. వంగి, చాప మీద చేత్తో తడుముకుని, నాయెఫ్ కూర్చున్న వైపు తన ముందు పెట్టేశాడు.

కప్పు కింద పెడితే ఇంట్లోవాళ్లు ఏం కావాలో అడగాలి. అది మా పద్ధతి. నేను అడగలేదు. ఇంతిసార్ అడగలేదు. అడిగితే, కాఫీ తాగండి, మీ పని అయినట్టే అని చెప్పాలి. ఆ మాట ఏ నోటితో ఇస్తాం?

తెల్లారేసరికి కప్పు అక్కడే ఉంది, మీద పొర కట్టి. తీసేద్దామని వంగితే "ఉండనీ" అన్నాడు నాన్న. వీధి చివర హారన్ మోగింది. నాయెఫ్ సంచి భుజాన వేసుకుని, కప్పుకి కాలు తగలకుండా పక్కనుంచి జాగ్రత్తగా నడిచి, బస్సెక్కి వెళ్లిపోయాడు.